ప్లాస్టిక్ డబ్బాలపై స్టిక్కర్లను గీతలు పడకుండా తీయడం ఎలా?

కొత్తగా కొన్న పప్పుల డబ్బాపై ధర స్టిక్కరు సగం ఊడివచ్చి, మిగతా సగం తెల్లని కాగితపు పొరగా నిలిచిపోతే, చాలామంది వెంటనే స్టీలు పీచు అందుకుంటారు. స్టిక్కరు పోతుంది గానీ డబ్బా నిండా సన్నని గీతలు పడతాయి. ఆ గీతల్లో పసుపు, కారం, నూనె జిడ్డు చేరాయంటే ఎంత కడిగినా వదలవు. నిజానికి జిగురును గీకవలసిన అవసరమే లేదు. దానిని మెత్తబడనిస్తే వేలితో తోసినా కదిలి వస్తుంది.

ముందుగా డబ్బాను తిరగేసి, అడుగున త్రికోణపు గుర్తులో ఉన్న అంకెను చూడండి. 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్, 2 అని ఉంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్). ఈ రెండూ వేడి నీటికీ, స్పిరిట్‌కూ బాగా తట్టుకుంటాయి. 1 అని ఉన్న పారదర్శకమైన పెట్ సీసాలు సుమారు 70 డిగ్రీల వేడికే మెత్తబడి వంకర తిరుగుతాయి కాబట్టి, వాటికి చేయి పెట్టగలిగినంత వేడి నీటిని మించి వాడకూడదు. 6 అంటే పాలీస్టైరీన్. 7 కింద పాలికార్బొనేట్, అక్రిలిక్ వంటి పలు రకాలు వస్తాయి. గాజులా మెరిసే ఈ గట్టి ప్లాస్టిక్‌లలో చాలావాటికి ఘాటైన రసాయనాలు పడవు. ఏ గుర్తూ లేకపోతే దానిని కూడా ఈ సున్నితమైన రకాలతోనే జమకట్టడం మంచిది.

తరువాత లేబుల్ అంచును గోటితో తడిమి చూడండి. కొన్ని ఐస్‌క్రీమ్ డబ్బాలపై అంచు అసలు చేతికి తగలదు. డబ్బాను అచ్చులో పోసేటప్పుడే ఆ లేబుల్ ప్లాస్టిక్‌తో కలిసిపోయి ఉంటుంది. దానిని తీయడం సాధ్యం కాదు, ప్రయత్నిస్తే డబ్బాయే పాడవుతుంది.

కాగితపు స్టిక్కరు అయితే సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో డబ్బాను అరగంట నానబెట్టండి. డబ్బా తేలిపోకుండా లోపల కూడా అదే నీరు నింపాలి. ప్లాస్టిక్ పొరతో చేసిన స్టిక్కరులోకి నీరు ఇంకదు కనుక దానికి నానబెట్టడం కన్నా వేడి తగిలించడం ఉపయోగం: డబ్బా లోపల వెచ్చని నీరు పోసి, మూత బిగించకుండా పది నిమిషాలు ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ ఉన్నవారు తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి, ఒకే చోట నిలపకుండా అరనిమిషం తిప్పినా సరిపోతుంది. ఆపైన ఒక మూలను గోటితో లేపి, స్టిక్కరును దాని మీదికే వెనక్కి మడిచినట్టు పట్టుకుని నెమ్మదిగా లాగండి. తొందరపడి ఒక్క ఊపున లాగినప్పుడే కాగితం చిరిగి, జిగురు డబ్బాపై మిగిలిపోతుంది.

అలా మిగిలిన జిగురు నీటికి కరగదు గానీ నూనెకు లొంగుతుంది. మొదట మిగిలిన కాగితపు పీలికలను తడి వేలితో రుద్ది తీసేసి, డబ్బాను పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉన్న చోట నూనె పట్టదు. తరువాత అర చెంచా వేరుశనగ నూనె గానీ కొబ్బరి నూనె గానీ (చలికాలంలో పేరుకుని ఉంటే కరిగించి) జిగురు మీద పరిచి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఏళ్ల తరబడి ఎండిపోయిన జిగురైతే నూనెలో ముంచిన గుడ్డముక్కను రాత్రంతా దానిపై పరిచి ఉంచాలి. అప్పుడు చిటికెడు శనగపిండి చల్లి వేలితో గుండ్రంగా రుద్దితే, నూనెను పీల్చుకున్న పిండితో పాటు జిగురు కూడా నలుగులా ఉండలు కట్టి ఊడివస్తుంది. వంటసోడా కూడా ఈ పని చేస్తుంది గానీ, అది మెరిసే ప్లాస్టిక్‌ను మసకబార్చగలదు కాబట్టి నేను శనగపిండినే వాడతాను. మొండిగా నిలిచిన చోట పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో తోయవచ్చు. చాకు, బ్లేడు, చెంచా అంచు మాత్రం వద్దు. చివరగా గిన్నెలు తోమే సబ్బుతో, మెత్తని స్పాంజితో రెండుసార్లు కడగండి. మూత మరలలో నూనె మిగిలితే కొద్ది రోజులకు కనరు వాసన వేస్తుంది.

నూనెకూ వదలని మరకకు, అదీ 2, 5 గుర్తులున్న డబ్బాలకు మాత్రమే, దూదిపై నాలుగు చుక్కల స్పిరిట్ వేసి తుడవవచ్చు. ముందుగా అడుగుభాగంలో ఒకచోట పరీక్షించండి. స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది కనుక పొయ్యికి దూరంగా ఈ పని చేయండి. థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ ఆహారం ఉంచే పాత్రల దరికి రానీయకూడదు. నారింజ తొక్క నూనె సహజమైనదే అయినా పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. ఇక నెయిల్ పాలిష్ రిమూవర్ సంగతి నాకు అనుభవమే. మా ఇంట్లో అద్దంలా మెరిసే చక్కెర డబ్బాపై చిన్న జిగురు మరకను దానితో తుడిస్తే, దూది తగిలినంత మేర పాలపొర కమ్మినట్టు తెల్లబడింది. అందులోని అసిటోన్ ప్లాస్టిక్ పైపొరనే కరిగించింది కనుక ఆ మెరుపు మళ్లీ రాలేదు.

కడిగిన డబ్బాను నీడలో ఆరబెట్టి, పొడి వేలితో ఒకసారి నిమిరి చూడండి. వేలు ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే అక్కడ జిగురు పలుచగా ఇంకా ఉన్నట్టే; ఆ చోటికి మాత్రమే మళ్లీ నూనె, శనగపిండి పట్టించి కడగండి.