సెర్స్ కప్ సీజన్‌ను నోటుపుస్తకంతో చూడటం ఎలా

ఉద్యోగం మీద పోర్చుగల్ వచ్చిన మొదటి చలికాలంలో ఒక శనివారం పోర్టో నుంచి ఉత్తరం వైపు రైలెక్కి, ఒక చిన్న ఊళ్లో సెర్స్ కప్ మ్యాచ్ చూశాను. చక్రాల స్కేట్ల మీద ఆడే రోలర్ హాకీలో యూరప్ క్లబ్బుల పోటీ అది. ఆ ఊరి జట్టు రెండు గోల్స్ తేడాతో గెలిచింది. నేను చప్పట్లు కొడుతూ లేచి నిలబడితే, చుట్టూ అందరూ మౌనంగా కోట్లు తొడుక్కుంటున్నారు. పక్కసీటు పెద్దాయన నాకు మూడు వేళ్లు చూపించి, తల అడ్డంగా ఊపారు. వాళ్లు మొదటి మ్యాచ్‌లో మూడు గోల్స్ తేడాతో ఓడి వచ్చారని అప్పుడు అర్థమైంది. గెలిచిన రాత్రే పోటీ నుంచి వెళ్లిపోయారు. మర్నాడే ఒక నోటుపుస్తకం కొన్నాను. అప్పటి నుంచి ప్రతి సీజన్‌నూ అందులోనే చూస్తున్నాను.

ఈ పోటీలో రెండు జట్లు ఒకదానితో ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడతాయి, రెండింటి మొత్తం గోల్స్‌ను బట్టి ఎవరు ముందుకెళ్లేదీ తేలుతుంది. అలాంటి ఒక్కో జోడీకి ఒక్కో పేజీ కేటాయించండి. మధ్యలో నిలువు గీత గీసి, ఎడమవైపు మొదటి మ్యాచ్, కుడివైపు తిరుగు మ్యాచ్, అడుగున రెండింటి మొత్తం రాసుకోండి. తిరుగు మ్యాచ్ మొదలయ్యే ముందు పేజీ నెత్తిన ఒక్క అంకె పెద్దగా వేయండి: వెనకబడిన జట్టు మొత్తాన్ని సమం చేయడానికి ఎన్ని గోల్స్ కావాలి? మొదటి మ్యాచ్ 4-2 అయితే, ఓడినవాళ్ల దగ్గర 2 అని వేస్తాను. ఆ తర్వాత స్కోరుబోర్డు ఏం చూపించినా నా కళ్లు ఆ అంకె మీదే ఉంటాయి. ఈ ఆటలో రెండు గోల్స్ ఆధిక్యం పెద్ద భరోసా కాదు, మూడు నిమిషాల్లో కరిగిపోగలదు.

ఇక జట్ల సంగతి. యూరప్ అగ్ర పోటీకి (ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్) చేరని క్లబ్బుల కోసం 1980-81లో మొదలైన పోటీ ఇది. ఇప్పుడు డబ్ల్యూఎస్ఈ (వరల్డ్ స్కేట్ యూరప్) కప్ అంటున్నారు, నా నోటికి మాత్రం పాత పేరే వస్తుంది. మొదటి విజేత లిస్బన్‌కు దక్షిణాన ఉన్న మత్స్యకారుల పట్టణం సెసింబ్రా. లిస్బన్ క్లబ్బు స్పోర్టింగ్ 1984లో గెలిచాక మళ్లీ గెలవడానికి 2015 దాకా ఆగింది. 2016, 2017లో వరుసగా గెలిచింది బార్సెలోస్. ఇది ఉత్తర పోర్చుగల్ పట్టణం, బార్సిలోనా కాదు. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు, కాబట్టి పేజీ మీద క్లబ్బు పక్కన దేశం పేరు కూడా రాయండి. పోర్చుగల్, స్పెయిన్, ఇటలీ జట్లే ఎక్కువగా కనిపిస్తాయి. స్పెయిన్ అన్నా అవి దాదాపు కాటలోనియా ఊళ్లే: ఇగువలాదా, విక్, రేయుస్. ఫుట్‌బాల్ పటంలో ఎక్కడా కనిపించని ఊళ్లు ఇక్కడ రాజధానులు. ఇగువలాదా 1990లలో యూరప్ ఛాంపియన్‌గా వెలిగింది. ఈ పోటీ మీద నాకున్న ప్రేమకు సగం కారణం ఇదే.

సమయం రాసుకునేటప్పుడు జాగ్రత్త. పోర్చుగల్ గడియారం స్పెయిన్, ఇటలీల కన్నా ఒక గంట వెనక ఉంటుంది. రాత్రి 9 అని చదివి తీరిగ్గా వంట పూర్తి చేసి కూర్చునేసరికి, ఇటలీలో విరామం కూడా అయిపోయిన సందర్భం నాకుంది. ఏ దేశం సమయమో అంకె పక్కనే రాస్తే చాలు.

ఆట మొదలయ్యాక గోల్స్ కన్నా ముందు ఫౌల్స్ లెక్కపెట్టండి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు అయిదుగురు, ఇరవై అయిదు నిమిషాల చొప్పున రెండు భాగాలు, బంతి ఆగితే గడియారమూ ఆగుతుంది. జట్టు ఫౌల్స్ విరామంలో చెరిగిపోవు, రెండో భాగంలోకీ వస్తాయి. పదో ఫౌల్‌కు ప్రత్యర్థికి డైరెక్ట్ ఫ్రీ హిట్, అంటే గోల్‌కీపర్ ఒక్కడినే ఎదుర్కొని కొట్టే అవకాశం. ఆపైన ప్రతి అయిదు ఫౌల్స్‌కూ ఇంకొకటి. అందుకే పేజీ అంచున నిలువు గీతలు గీస్తూ పోతాను. తొమ్మిదో గీత పడగానే ఆట రంగు మారుతుంది. అంతవరకు కర్రతో అడ్డుపడిన డిఫెండర్ ఇప్పుడు చేయి వెనక్కి తీసుకుంటాడు. ఒక గోల్ కావలసిన జట్టు ఆ పదో ఫౌల్ రాబట్టడానికే మనిషి మీదికి దూసుకెళుతుంది. గీతలు లేకపోతే ఇదేమీ కనిపించదు, ఉన్నట్టుండి ఎందుకో వేగం తగ్గింది అనుకుంటారు.

డైరెక్ట్ ఫ్రీ హిట్ పడినప్పుడు కలం పక్కన పెట్టండి. గోల్‌కు 7.40 మీటర్ల దూరంలో బంతి. మిగతా ఆటగాళ్లంతా దూరంగా వెళ్లిపోతారు. హాలంతా నిశ్శబ్దం. గోల్‌కీపర్ గీత మీద ఒదిగి కూర్చుంటాడు. వెడల్పాటి ప్యాడ్లు నేలకు ఆని ఉంటాయి, ఒక చేతిలో కర్ర, రెండో చేతి గ్లవ్ తెరిచి ఉంటుంది. అతని వెనక గోల్ ఎత్తు 105 సెంటీమీటర్లే, వెడల్పు 170. కొట్టేవాడికి రెండు దారులు: ఉన్నచోటు నుంచే బాదడం, లేదా బంతిని తీసుకుని మీదికి వెళ్లి గోల్‌కీపర్‌ను పక్కకు లాగడం. కొట్టేవాడి స్కేట్ల ముందు చక్రాలను చూడండి. అవి ముందుకు దొర్లాయంటే నేరుగా బాదడన్నమాట. గోల్‌కీపర్ కూడా చూసేది అదే. తర్వాత పేజీలో ఎవరు కొట్టారో, ఏ మూలకో రాసుకోండి. తిరుగు మ్యాచ్‌లో అదే మనిషి అదే గోల్‌కీపర్ ముందుకు వచ్చినప్పుడు ఆ చిన్న గుర్తు విలువ తెలుస్తుంది.

తీవ్రమైన ఫౌల్‌కు రిఫరీ చూపే నీలి కార్డుకు నేను చిన్న చతురస్రం గీసి పక్కన నిమిషం వేస్తాను. ఆటగాడు బయటికి వెళతాడు, ప్రత్యర్థికి డైరెక్ట్ ఫ్రీ హిట్ వస్తుంది. అది తప్పిపోతే కార్డు పడిన జట్టు రెండు నిమిషాలు ఒక మనిషి తక్కువతో కాచుకోవాలి, ఈలోగా గోల్ పడితే ఆ లోటు తీరుతుంది. నా పేజీల్లో తలకిందులైన జోడీలు చాలావాటికి మూలం ఈ చతురస్రమే.

వసంతంలో ఫైనల్ ఫోర్ వస్తుంది. నాలుగు జట్లు, ఒకే రింక్, ఒకే వారాంతం. ఇక్కడ పేజీ మధ్య గీత గీయకండి, తిరుగు మ్యాచ్ ఉండదు. సాధారణంగా ఆ నలుగురిలో ఒకరే ఆతిథ్యమిస్తారు, కానీ ఇంటివాళ్లదే కప్పు అని ముందే రాసేయకండి. యూరప్ అగ్ర పోటీ ఫైనల్‌లో 2013లో పోర్టో తన సొంత హాల్లోనే, అదనపు సమయంలో బెన్‌ఫికా చేతిలో 6-5తో ఓడింది. కుదిరితే శనివారం రెండు సెమీఫైనల్సూ చూడండి. ఆదివారం పేజీ తెరిచేసరికి రెండు జట్ల ఫ్రీ హిట్ కొట్టేవాళ్ల పేర్లూ, వాళ్లు ఇష్టపడే మూలలూ అక్కడ సిద్ధంగా ఉంటాయి.