కోరర్ నీళ్లలోకి దిగకముందే: తుఫానుల కాలంలో లోతు సముద్రపు సర్వేకు వెళ్లేవారికి జాగ్రత్తలు

అక్టోబరులో చెన్నై రేవు నుంచి సర్వే నౌక ఎక్కబోయే మన తెలుగు విద్యార్థులు నన్ను ముందుగా అడిగేది వాంతుల మాత్రల సంగతే. మాత్రను నౌక కదలడానికి గంట ముందే వేసుకోవాలి, అది మగత తెప్పిస్తే ఆ పూట డెక్ మీద పనికి దిగకూడదు. అంతకు మించి దాని గురించి చెప్పేదేమీ లేదు. మూడు వేల మీటర్ల లోతున ఉండే మామూలు గాలి ఒత్తిడికి 300 రెట్ల ఒత్తిడిని తలచుకొని భయపడేవారు కూడా ఉన్నారు గాని, ఆ ఒత్తిడిని భరించవలసినది పరికరమే, అంటే అడుగు బురదలో దిగబడి దానిని స్తంభంలా (కోర్) పైకి తెచ్చే గొట్టమైన కోరర్. మనుషులకు అసలు ముప్పు దానిని దించడానికి డెక్ మీద బిగిసి ఉన్న వైర్ రోప్ (ఉక్కు తాడు) దగ్గర ఉంటుంది.

బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్ చెన్నైని నీట ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు. వాతావరణ శాఖ హెచ్చరికలతోపాటు హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనాలను కూడా రోజూ చూడాలి. కోరర్‌ను సెకనుకు ఒక మీటరు చొప్పున దించితే 3000 మీటర్లకు 50 నిమిషాలు పడుతుంది, పైకి లాగడానికీ దాదాపు అంతే. కాబట్టి దించే వేళకు సముద్రం నిమ్మళంగా ఉంటే చాలదు, రెండు గంటల తరువాత కూడా అలాగే ఉంటుందన్న నమ్మకం కుదరాలి. అల ఎంత ఎత్తుకు చేరితే పని ఆపాలో రేవులో ఉండగానే రాసి సంతకాలు చేసుకోవడం మంచిది, ఎందుకంటే సముద్రం మీదికి వెళ్లాక “ఇంకొక్క కోర్” అనని శాస్త్రవేత్తను నేనింతవరకు చూడలేదు.

కోర్ తీసే చోటును ముందుగా ధ్వనితో అడుగు లోతును కొలిచే మల్టీబీమ్ సోనార్‌తో చూస్తాము. ఈ కాలంలో నదుల నుంచి వచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద పొరగా పరుచుకొని, ప్రవాహంతోపాటు తీరం వెంబడి దక్షిణానికి సాగుతుంది. నీటి ఉప్పుదనం మారితే అందులో ధ్వని వేగమూ మారుతుంది గనుక పోయిన వారం తీసిన ధ్వనివేగపు లెక్క ఈ వారానికి పనికిరాదు. ఆ వేగంలో ఒక శాతం తప్పు ఉన్నా 3000 మీటర్ల దగ్గర లోతు 30 మీటర్లు తేడా వస్తుంది. చదునైన అడుగు అంచుల దగ్గర పళ్లెంలా పైకి లేచినట్టు తెరమీద కనిపిస్తే, వెంటనే నీటి ఉప్పుదనాన్ని, వేడిని, లోతును కొలిచే సీటీడీని మళ్లీ దించాలి.

ఇక వైర్ విషయం. అంత లోతుకు దిగాక దాని సొంత బరువే కోరర్ బరువును మించిపోవచ్చు, అందువల్ల వైర్ మీది లాగుడును చూపే టెన్షన్ మీటర్ దగ్గర కూర్చున్నవారికి మరో పని అప్పగించకూడదు. కోరర్ అడుగును తాకినప్పుడు ఆ మీటర్ ముల్లు చప్పున పడిపోతుంది. ఆ క్షణంలో వైర్‌ను వదిలే, చుట్టే యంత్రమైన వించ్‌ను ఆపకపోతే అదనంగా వెళ్లిన వైర్ అడుగున చుట్టలు పడి, లాగినప్పుడు మెలి తిరుగుతుంది, మెలి తిరిగిన చోటే తరువాత ఎప్పుడో తెగుతుంది. బురద కోరర్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి ఊడివచ్చేదాకా చాలా నెమ్మదిగా లాగాలి. బిగిసిన వైర్ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ సమయంలో వించ్‌కూ వైర్‌ను నీటి మీదికి మోసే చట్రమైన ఏ-ఫ్రేమ్‌కూ మధ్య ఎవరూ నిలబడకూడదు, వైర్‌ను దాటకూడదు, దాని కింద నుంచి దూరకూడదు. చెన్నైలోని ప్యారిస్ కార్నర్ దుకాణాల్లో వైర్‌ను పరికరానికి తగిలించే షాకిళ్లు (ఇనుప లంకెలు) చవకగానే దొరుకుతాయి గాని, ఒంటి మీద భారపరిమితి అచ్చు లేనిదానిని, పరీక్ష ధ్రువపత్రం ఇవ్వనిదానిని కొననేకూడదు. ట్రిగ్గర్ విడవగానే అడుగులోకి పడే పిస్టన్ కోరర్ అయితే, అది నీటి మీదికి జరిగిన తరువాతే ట్రిగ్గర్ సేఫ్టీ పిన్ తీయాలి, తీసినవారు దానిని చేయెత్తి అందరికీ చూపాలి.

చెన్నై నౌకల మీద మరొక చిక్కు ఉంది. తమిళంలో “ఇరక్కు” అంటే దించమని. అలల హోరులో తెలుగువారి చెవికి అది “ఇరుక్కుంది” అన్నట్టే వినిపిస్తుంది. అందుచేత వించ్‌కు సైగలు చేసే మనిషి ఒక్కరే ఉండాలి, సైగలు చేతులతోనే చేయాలి. ఆగమనే సైగ మాత్రం ఎవరు చేసినా వించ్ ఆగాలి.

కృష్ణా–గోదావరి బేసిన్‌లో పని ఉంటే వాయువు సంగతి కూడా చూసుకోవాలి. అక్కడి బురద కింద నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన వాయువు, అంటే గ్యాస్ హైడ్రేట్, ఉన్నట్టు 2006లో జరిపిన డ్రిల్లింగ్‌లో తేలింది. అటువంటి చోట తీసిన కోర్ పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి, వాయువు వ్యాకోచించి, కోర్ ఉండే లోపలి గొట్టమైన లైనర్ చివరి మూత ఉబ్బి గోలీసోడాలా బుస్సుమంటుంది. అప్పుడు లైనర్ చివరలకు ఎదురుగా ముఖం పెట్టకూడదు. లైనర్‌కు సన్నని రంధ్రాలు చేసి వాయువును వదిలించాలి, దగ్గరలో నిప్పు, స్పార్కు ఉండకూడదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి తరువాత తగ్గిపోతే ముప్పు తప్పిందనుకోరాదు, ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైనప్పుడు ముక్కు దానిని పసికట్టడం మానేస్తుంది, డిటెక్టర్‌ను నమ్మాలి.

లైనర్ ముక్కల మీద పై కొస ఏదో, కింది కొస ఏదో కోసే ముందే గుర్తు పెట్టాలి. ఒకసారి నేను మూతల మీద మాత్రమే రాసి ఊరుకున్నాను. ఉప్పునీళ్లకు సిరా కరిగిపోయి, మూడు ముక్కల్లో ఏది ఏ లోతుదో తెలియక వాటిని పక్కన పెట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి లైనర్ పొడవునా సూదితో గీత గీసి, పైకి చూపే బాణం గుర్తు కూడా చెక్కిన తరువాతే రంపం పట్టుకుంటున్నాను.