స్విచ్ సీపీయూ పోర్టుకు ఫై-మోడ్ ఎలా రాయాలి?

నెట్‌వర్కు స్విచ్ చిప్‌ను ప్రాసెసర్‌తో కలిపేది సీపీయూ పోర్టు. ఆ తీగల మీద డేటా ఏ పద్ధతిలో వెళ్తుందో లినక్స్‌కు చెప్పే సెట్టింగు ఫై-మోడ్. బోర్డు స్కీమాటిక్ (తీగల పటం), స్విచ్ చిప్ డేటాషీట్, సీరియల్ కన్సోల్ దగ్గర పెట్టుకోండి. స్కీమాటిక్ లేకుండా మొదలుపెట్టవద్దు. వేరే బోర్డు డివైస్ ట్రీని (బోర్డు మీద ఏమున్నాయో లినక్స్‌కు చెప్పే ఫైలు) తెచ్చి అతికించడం వల్లే ఈ పని ఇన్నిసార్లు చెడుతోంది.

1. డివైస్ ట్రీలోని స్విచ్ నోడ్‌లో పోర్టులన్నీ రాయండి. సీపీయూ పోర్టుకు ఈథర్నెట్ ఫాండిల్ (ప్రాసెసర్ ఈథర్నెట్ నోడ్‌ను చూపే సూచిక), 1000 మెగాబిట్ వేగంతో ఫుల్ డూప్లెక్స్ ఫిక్స్‌డ్-లింక్ (ముందే రాసిపెట్టిన లింక్) ఇవ్వండి. ఇందులో కష్టమేమీ లేదు.

2. ఇక ఆర్‌జీఎంఐఐ (స్విచ్, ప్రాసెసర్ మధ్య డేటా, క్లాక్ తీగల పద్ధతి) డిలే. ఇక్కడ తొందరపడకండి.

గిగాబిట్ వేగంలో క్లాక్ 125 మెగాహెర్ట్జ్. డేటా క్లాక్ రెండు అంచుల మీదా వెళ్తుంది కాబట్టి ఒక్కో విలువ నిలిచేది 4 నానోసెకన్లే. దాని మధ్యలో క్లాక్ అంచు పడాలంటే క్లాక్‌ను సుమారు 2 నానోసెకన్లు ఆలస్యం చేయాలి, అదే డిలే. ఆ పని ఒక్కో దిశలో ఒక్కరే చేయాలి: బోర్డు తీగ, పంపే చిప్, అందుకునే చిప్, వీటిలో ఏదో ఒకటి. ఎవరూ చేయకపోయినా, ఇద్దరు చేసినా అంచు మళ్లీ డేటా మారే చోటే పడుతుంది. లింక్ మాత్రం ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అది ఫిక్స్‌డ్-లింక్. 100 మెగాబిట్‌లో క్లాక్ 25 మెగాహెర్ట్జే. రెండుసార్లు కలిసిన డిలే కూడా అందులో ఇమిడిపోతుంది. కాబట్టి 100లో నడిచిందని సెట్టింగును నమ్మకండి.

లినక్స్‌లో ఫై-మోడ్‌గా ఉత్త 'ఆర్‌జీఎంఐఐ' అంటే డిలే బోర్డు తీగల్లోనే ఉందని అర్థం. అందుకు క్లాక్ తీగ సుమారు 30 సెంటీమీటర్లు అదనంగా మెలికలు తిరగాలి. అలాంటి మెలిక లేఅవుట్‌లో కనిపించకపోతే డిలే చిప్పులే కలపాలి, దానికి 'ఆర్‌జీఎంఐఐ-ఐడీ' ఉంది. అయితే సీపీయూ పోర్టుకు రెండు వైపులా మ్యాక్‌లే (ఫ్రేములను తయారుచేసే భాగాలు) ఉంటాయి, మధ్యలో ఫై (కేబుల్ సిగ్నల్ చూసే చిప్) లేదు. అక్కడ ఈ పదాన్ని ఒక్కో డ్రైవరు ఒక్కోలా తీసుకుంటుంది. అందుకే డ్రైవరు ఒప్పుకునే చోట ఆర్ఎక్స్ (అందుకునే), టీఎక్స్ (పంపే) డిలేలను పికోసెకన్లలో, 2000 అని అంకె వేసి రాయాలి. రెండూ స్విచ్ నోడ్‌లోనే ఉండాలి, ప్రాసెసర్ వైపు సున్నా. అప్పుడు ఒకే డేటాషీట్ చూస్తే సరిపోతుంది. ప్రాసెసర్ టీఎక్స్ అంటే స్విచ్‌కు ఆర్ఎక్స్ అని మరవకండి.

కొందరు బూట్‌లోడర్‌లో (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) డిలే రిజిస్టర్ మార్చి వదిలేస్తారు. బూట్‌లోడర్ మారిన రోజు నెట్‌వర్కు పోతుంది. ఇంకొందరు నాలుగు ఆర్‌జీఎంఐఐ మోడ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, పింగ్ వచ్చినదాన్ని ఉంచుకుంటారు. అది బొటాబొటిగా నడిచే సెట్టింగు కావచ్చు. బోర్డు వేడెక్కితే తప్పుతుంది.

3. కంపైల్ చేసి బూట్ చేయండి.

4. ఐపెర్ఫ్3ను (నెట్‌వర్కు వేగం కొలిచే ప్రోగ్రామ్) రెండు దిశల్లో విడివిడిగా నడపండి. ఆపైన ఈథ్‌టూల్‌లో రెండు వైపుల సీఆర్‌సీ (పాడైన ఫ్రేముల) లెక్కలూ చూడండి. ఒక దిశలోనే లెక్క పెరుగుతుంటే ఆ దిశ డిలేను మాత్రమే మార్చండి, రెండోదాన్ని ముట్టుకోకండి.