పెళ్లయ్యాక పాస్‌పోర్టులో పేరు మార్చుకున్నానిలా

ఉన్న పాస్‌పోర్టులోనే ఇంటిపేరు దిద్ది ఇస్తారనుకున్నాను. అలా కుదరదు. ఫొటో పేజీ అడుగున యంత్రం చదవడానికి 44 గుర్తుల చొప్పున రెండు వరుసలుంటాయి. పేరు అక్కడా ఉంటుంది కాబట్టి కొత్త పుస్తకమే తీసుకోవాలి. పాత పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రం, ఫొటోలు పట్టుకెళ్లాను. అయినా వెనక్కి పంపారు. ధ్రువపత్రంలో నా పుట్టింటి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది! పెళ్లి హడావిడిలో సంతకం పెట్టేశానే తప్ప చదివిందెక్కడ? ముందు దాన్ని సరిచేయించి, నకలు కాకుండా అసలు ప్రతితో వెళ్తే పని జరిగింది. పాత పాస్‌పోర్టును మూల కత్తిరించి తిరిగి ఇచ్చారు. అందులో గడువు తీరని వీసా ఉంది, అందుకే దాచాను. విమానం టికెట్టు మాత్రం కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాకే, అందులో ఉన్న పేరుతోనే కొన్నాను.