ఉగ్రస్తంభం ఎక్కేవాళ్లూ, దిగడం సంగతి ముందు చూసుకోండి

అహోబిలంలో ఉగ్రస్తంభం, అంటే నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పుకునే కొండమీది రాతి స్తంభం, ఎక్కాలనుకునే వాళ్లకి ఒక్క మాట, అసలు కష్టం ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే మనమే ఆగిపోతాం. దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతున్నా కాళ్లు ఆగవు, "అయిపోవచ్చింది కదా" అనుకున్న చోటే మడమ బెణుకుతుంది. నాకు అలాగే బెణికింది, అదీ అరిగిపోయిన షూస్ వేసుకెళ్లినందుకు.

తెల్లారగానే ఎగువ అహోబిలం నుంచి బయల్దేరండి, అక్కడి దారి తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్లండి. మధ్యాహ్నం పన్నెండయితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, స్తంభం ఎదురుగా కనిపిస్తున్నా సరే. ఇది చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే నల్లమల, చీకట్లో సెల్ లైటు పట్టుకుని దిగే చోటు కాదు.

దిగేటప్పుడు పక్కకి తిరిగి, మోకాలు కొంచెం వంచి, ముందు కర్రని కింది రాయి మీద ఆనించి చూసి, అది కదలదని తేలాకే అడుగు వెయ్యండి. నల్లగా నిగనిగలాడే తడి రాయిని అస్సలు నమ్మొద్దు, అది పాచి. మరీ నిటారుగా ఉంటే కూర్చుని జరగండి, ప్యాంటు చిరిగితే చిరిగింది. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోండి, లేకపోతే షూ ముందు భాగానికి గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడుతుంది.

వానాకాలంలో భవనాశిని వాగుతో చాలా జాగ్రత్త. మన నెత్తిన చినుకు పడకపోయినా పైకొండల్లో వాన పడితే నీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. నీళ్లు ఎర్రగా మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే ఫొటోలు ఆపి గట్టెక్కండి. అవతలి ఒడ్డున చిక్కుకుపోతే తగ్గేదాకా కూర్చోవడమే, చేతులు పట్టుకుని దాటేద్దామనే హీరో ఒకడు గుంపులో ఉంటాడు, వాడి మాట వినొద్దు.

తేనెపట్టు కనిపిస్తే అరవొద్దు, రాళ్లు వెయ్యొద్దు, పొగ పెట్టొద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని దూరంగా వెళ్లిపోండి. పాము కరిస్తే గాటు పెట్టడం, గట్టిగా తాడు కట్టడం వద్దు, కాలు కదలకుండా మోసుకుంటూ ఆసుపత్రికి చేర్చాలి.

మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చాలు. పైన సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా, కింద టీ కొట్టాయనకో ఆటో అన్నకో "సాయంత్రం నాలుగుకి వస్తాం, ఐదైనా రాకపోతే ఫారెస్టోళ్లకి చెప్పన్నా" అని చెప్పి వెళ్లండి, దిగాక మర్చిపోకుండా ఆయనకి కనిపించి రండి.