పాత ఇల్లు కొనాలా, వద్దా? 4వ పాఠం: చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది?

ఈసారి బేరం గురించి చెప్తానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి ఇచ్చిన లెక్కలో చాలామంది ఒకే చోట తడబడ్డారు. అది సరిచేసుకోకుండా బేరానికి కూర్చుంటే నష్టపోయేది మీరే.

లెక్క మళ్లీ చూద్దాం. మీ దగ్గరున్న డబ్బు, దొరికే అప్పు అంతా కలిపి 100 పాళ్లు అనుకోండి. రిజిస్ట్రేషన్‌కీ కాగితాలకీ 8. రిపేర్లు జరిగినన్నాళ్లు వేరేచోట కట్టే అద్దెకి 4. రిపేర్లకి 25. పని మొదలెట్టాక బయటపడే వాటి కోసం ఆ 25లో ఐదో వంతు, అంటే 5. ఇంటి ధరకి మిగిలింది 58. అంతకు మించి పెట్టలేం. అమ్మేవాళ్లు అడుగుతున్నది 65.

చాలామంది ఆ 65ని ముట్టుకోకుండా రిపేర్లని 25 నుంచి 19కి దించారు. కాగితం మీద లెక్క సరిపోయింది. ఆ 6 పాళ్లు ఎక్కడ తగ్గాయా అని జాబితాలు చూస్తే, అన్నిట్లోనూ ఈ వరుస కనిపించింది: ‘గోడల చెమ్మ: పుట్టీ, పెయింట్.’

ఇల్లు నచ్చేస్తే మనసు ఇలాగే సర్దుకుంటుంది, అర్థం చేసుకోగలను. కానీ రిపేరుకి ఎంతవుతుందో చెప్పాల్సింది గోడ, మన దగ్గర మిగిలిన డబ్బు కాదు. కారణం తెలియని లోపానికి ఖర్చు వేయలేం. చెమ్మ అని రాసి ఊరుకుంటే కారణం రాసినట్టు కాదు. అందుకే ఈ పాఠమంతా చెమ్మ మీదే.

చెమ్మ నాలుగు దారుల్లో వస్తుంది.

ఒకటి, నేల నుంచి. మరక అడుగున మొదలై పైకి పాకుతుంది. సాధారణంగా మీటరు ఎత్తు దాటదు. పై అంచు వంకర టింకరగా ఉండి, అక్కడ తెల్లటి ఉప్పు పూత కనిపిస్తుంది. వేలితో రుద్దితే పొడిగా రాలుతుంది. ఇది చూడగానే పునాది పాడైందని హడలిపోకండి. ముందు బయటికి వెళ్లి అదే గోడ అవతలి వైపు చూడండి. ఏళ్ల తరబడి మట్టి పోసి, పైన సిమెంటు వేసి, బయటి నేల లోపలి గచ్చు కన్నా ఎత్తుకి వచ్చిందేమో గమనించండి. అదే కారణమైతే మట్టి తవ్వి తీసేయడం, నీరు ఇంటి నుంచి దూరంగా పోయేలా వాలు చేయడం చాలావరకు సరిపోతాయి. పెద్ద ఖర్చు కాదు. బయట అంతా సరిగ్గానే ఉంటే, చెమ్మ ఎక్కకుండా పునాది మీద వేసే పొర పాడైనట్టో, అసలు వేయనట్టో అనుకోవాలి. అది ఖరీదైన పని.

రెండు, పై నుంచి. శ్లాబు కింద గోధుమరంగు అంచుతో వలయాలు, గోడ పైమూలల్లో మరకలు. వాన పడ్డాక పెరుగుతాయి. కారుతున్న చోటు మరకకి సరిగ్గా పైనే ఉండాలని లేదు, నీరు శ్లాబులో పక్కకి నడిచి ఎక్కడో దిగుతుంది. నేనైతే ఏ ఇంటికి వెళ్లినా గదులు చూడకముందే డాబా ఎక్కుతాను. నీరు నిలిచిన ఆనవాళ్లు, పూడుకుపోయిన గొట్టాలు, పిట్టగోడ మొదట్లో బీటలు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

మూడు, పైపుల నుంచి. బాత్రూమ్‌కో వంటగదికో ఆనుకున్న గోడ ఎండాకాలంలో కూడా తడిగా ఉంటే అనుమానం ఇక్కడే. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు అంకె రాసుకోండి. గంటా రెండు గంటలయ్యాక మళ్లీ చూడండి. అంకె మారితే నీరు ఎక్కడో పోతోంది. మీటరు లేకపోతే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి నీరు రాకుండా చేసి, లోపల మట్టం దగ్గర గీత పెట్టి చూడండి. ఈ పరీక్ష నీళ్లు వచ్చే పైపులకే పనికొస్తుంది. డ్రైనేజీ పైపు కారితే అంకె మారదు, దాన్ని ప్లంబరు వేరుగా చూడాలి.

నాలుగు, గదిలోని గాలి నుంచి. మూలల్లో, బీరువా వెనక నల్లటి చుక్కల బూజు. కిటికీలు తీయని గదుల్లో ఎక్కువ. ఇది తేలిగ్గా పోతుంది.

ఏదో తేల్చుకోలేకపోతే అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. గది వైపు నీటి చుక్కలు పడితే గాలిలోని తేమ. గోడ వైపు పడితే తడి గోడలోంచి వస్తోంది.

ఇప్పుడు పుట్టీ, పెయింట్ సంగతి. దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే చిన్న బడ్జెట్‌వాళ్లు మునిగేది ఇక్కడే. తడి గోడ ఆరేది పైపొర ద్వారానే. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగో, నీరు చొరని పెయింటో వేస్తే తడి బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. మీటరు ఎత్తు లోపల ఉన్న మరక కొన్నాళ్లకి ప్లాస్టరింగ్ పైఅంచు దాటి కనిపిస్తుంది. పైగా పాత ప్లాస్టరింగ్‌లో పేరుకున్న ఉప్పు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అందుకే కారణాన్ని సరిచేసినా ఆ ప్లాస్టరింగ్ ఉన్నంతకాలం గోడ తడిగానే ఉంటుంది. మరక పై అంచు కన్నా ఒక అడుగు పైదాకా దాన్ని కొట్టేసి, గోడని ఆరనివ్వాలి. గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల పడుతుందని ఒక మోటు లెక్క. తొమ్మిది అంగుళాల గోడకి తొమ్మిది నెలలు. మీరు అద్దెకి వేసుకున్న 4 పాళ్లు అన్నాళ్లకి చాలుతాయా? చాలకపోతే ఆ గదికి పెయింట్ వేయకుండానే దిగాలి, లేదా ఆ ఇల్లు మీ బడ్జెట్‌లో లేదు.

దీనికి తోడు ఇంకో మాట. ఇల్లంతా పాత రంగులో ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే, చూడటం ఆ గోడతోనే మొదలుపెట్టండి. గోడ అల్మారాల వెనక భాగానికి, మెట్ల కిందకి రంగు వేసే ఓపిక చాలామందికి ఉండదు, అక్కడ అసలు గోడ కనిపిస్తుంది.

పగుళ్ల గురించి టెన్షన్ పడ్డవాళ్లకి క్లుప్తంగా చెప్తాను. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నటి గీతలు పట్టించుకోనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతూ, 5 మిల్లీమీటర్లు దాటి, పక్కనే తలుపు కూడా పట్టేస్తుంటే ఇంజినీరుకి చూపించాలి. శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డా అంతే. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది, పైన సిమెంటు పూస్తే ఆగదు. ఇంజినీరు ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

అభ్యాసం: మీరు చూస్తున్న ఇంటికి రెండుసార్లు వెళ్లండి, ఒకసారి వాన వెలిసిన మర్నాడు, ఒకసారి ఎండ బాగా కాసిన కొన్ని రోజుల తర్వాత. ప్రతి గదికీ నాలుగు గోడలూ, పైకప్పూ విడివిడిగా బొమ్మ గీయండి. ప్రతి మరకకీ నేల నుంచి ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి రాయండి. రెండోసారి అదే మరకని మళ్లీ కొలవండి. పక్కన నాలుగు కారణాల్లో ఒకటి, అదెందుకని అనుకుంటున్నారో ఒక వాక్యం రాయండి. తేలని చోట ప్రశ్న గుర్తు పెట్టండి. తర్వాత ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు మేస్త్రీలకి బొమ్మలు చూపించకుండా ఇల్లు చూపించి, విడివిడిగా కారణం అడగండి, ఖర్చు తర్వాత అడగండి. ఇద్దరి మాటా మీ మాటా కలిసిన పనికి మధ్యస్థమైన ఖర్చు వేయండి. కలవని ప్రతి పనికీ చెప్పినవాటిలో పెద్ద ఖర్చు వేయండి. ఆ మొత్తాన్ని పాళ్లలోకి మార్చి, పైన 25 ఉన్న చోట పెట్టి, ఐదో వంతు కలిపి, ఇంటికి ఎంత మిగిలిందో చూడండి. ఆ అంకె చేతిలో పెట్టుకుని బేరం పాఠానికి రండి.