ఆప్తుల్ని పోగొట్టుకున్నప్పుడు సంఘంతో కలిసి నిరీక్షణలో నిలబడటం ఎలా?

క్రైస్తవ విశ్వాసుల ఇంట్లో మరణం సంభవిస్తే రెండు భారాలు ఒకేసారి మీద పడతాయి. మనిషి లేని లోటు ఒకటి. ఆ లోటును నలుగురి ముందూ "మంచి సాక్ష్యంగా" మోయాలన్న ఒత్తిడి రెండోది. భూస్థాపన అయ్యాక "ఎంత ధైర్యంగా ఉందో చూడండి, కంట తడి పెట్టలేదు" అని ఎవరో మెచ్చుకుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట విన్న మనిషి ఆ తర్వాత ఏడవాలంటే తలుపు వేసుకోవాల్సి వస్తుంది.

ఈ ఒత్తిడికి ఆధారంగా తరచూ చూపే వచనం 1 థెస్సలొనీకయులకు 4:13. "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అంటాడు అపొస్తలుడైన పౌలు. నిరీక్షణ అంటే దేవుని మీద పెట్టుకున్న ఆశ. దుఃఖపడటాన్నే ఆయన నిషేధించలేదు. ఆ ఉత్తరం సుమారు క్రీ.శ. 50–51 నాటిది, అందుకున్న సంఘం కొత్తగా ఏర్పడింది. క్రీస్తు తిరిగి రాకముందే చనిపోయిన తమవాళ్ల సంగతేమిటని వాళ్లకు బెంగ పట్టుకుంది. పౌలు ఆ బెంగకు జవాబిచ్చి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని ముగించాడు. ఆదరణ పనిని దుఃఖంలో ఉన్న మనిషి మీద కాక, సంఘం మొత్తం మీద పెట్టాడు. ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నిటికీ ఆధారం అదే.

1. ముందు ఏడుపును ఆపుకోవడం మానండి

యోహాను సువార్త 11వ అధ్యాయం నిదానంగా చదవండి. యేసు ప్రేమించిన లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. మార్త ఎదురొచ్చి, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదని యేసు ముఖం మీదే అంటుంది. కాసేపటికి ఆమె సహోదరి మరియ వచ్చి అదే మాట అంటుంది. ఇద్దరినీ ఆయన మందలించలేదు. ఇంకొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడే సమాధి దగ్గర ఏడిస్తే, మన కన్నీళ్లను అవిశ్వాసమని ఎవరూ అనలేరు. మోషే కోసం ఇశ్రాయేలీయులు ముప్పై రోజులు ఏడ్చారని ద్వితీయోపదేశకాండం చెబుతోంది. కనాను ప్రయాణం ఎదురుగా ఉన్నా అన్ని రోజులు ఆగారు.

2. ప్రార్థన రాకపోతే కీర్తనల మాటలు తీసుకోండి

మోకరించినా మాట పెగలని రోజులు ఉంటాయి. అలాంటప్పుడు కొత్త మాటల కోసం వెతుక్కోకండి. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకున్న పుస్తకంలోనే అంత ఫిర్యాదు ఉంది.

13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు "ఎంతకాలం?" అని నాలుగుసార్లు అడుగుతాడు. తర్వాతి రెండింటిలో కావలసింది అడుగుతాడు. చివరి రెండింటిలో నమ్మకం చెప్పుకుంటాడు. ఒక కాగితం తీసుకుని ఇదే క్రమంలో మీ మాటలు రాయండి. ముందు మీ ఫిర్యాదు, మర్యాద కోసం సర్దకుండా. "మందులు పనిచేస్తున్నాయని చెప్పారు కదా ప్రభువా, మరి ఎందుకిలా?" అన్నంత సూటిగా ఉన్నా పరవాలేదు. ఆ తర్వాత ఈ రోజుకు ఏం కావాలో ఒకటి అడగండి: రాత్రి నిద్ర కావచ్చు, పిల్లల ముందు కోపం తెచ్చుకోకుండా ఉండటం కావచ్చు. నమ్మకం మాట నోటికి వస్తే రాయండి. రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేసి కాగితం మడిచి బైబిల్లో పెట్టుకోండి. బలవంతంగా నింపకండి.

ఖాళీగా వదలడం తప్పేమో అనిపిస్తే 88వ కీర్తన చూడండి. చివరి దాకా వెలుగు ఉండదు. చీకటి మాటతోనే అది ముగుస్తుంది. అయినా ఎవరూ దాన్ని గ్రంథంలోంచి తీసేయలేదు. కీర్తన చదివే ఓపిక కూడా లేని రోజున రోమా 8:26 ఉంది: ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మే మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడు.

3. దేన్ని నిరీక్షిస్తున్నామో స్పష్టం చేసుకోండి

"మంచి చోటికి వెళ్లిపోయారు" అన్నది పరామర్శకు వచ్చినవారు ఎక్కువగా చెప్పే మాట. అందులో నిజం ఉంది. అయితే క్రైస్తవ నిరీక్షణ అక్కడితో ఆగదు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయం మాట్లాడేది శరీర పునరుత్థానం గురించి. ఆరాధనలో అందరం కలిసి పలికే విశ్వాస ప్రమాణంలో మనం చెప్పుకునేదీ అదే. ఆ అధ్యాయంలోనే "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అని ఉంది. పౌలు మరణాన్ని శత్రువు అన్నాడు. కాబట్టి ఆ మరణం మంచికే జరిగిందని మీరు ఒప్పుకోనక్కర్లేదు. దాని మీద కోపం వచ్చినా విశ్వాసం పోయినట్టు కాదు.

రోమా 8:28ని సమాధి దగ్గర ఉటంకించే అలవాటు మన సంఘాల్లో ఉంది. సమస్తమూ సమకూడి మేలు కోసం జరుగుతున్నాయన్న ఆ మాట దేవుని పని గురించి; జరిగిన ప్రతిదీ మేలే అని దాని అర్థం కాదు. పైగా కొన్ని వచనాల ముందే పౌలు సృష్టి అంతా మూలుగుతోందని రాశాడు. నా మట్టుకు, ఆ వచనాన్ని దుఃఖంలో ఉన్నవారు తమకు తాముగా పలికే దాకా ఇతరులు ఆగడమే మేలు.

ఇంకో ముల్లు ఉంటుంది: "ఏ పాపానికి ఈ శిక్ష?" కొందరు పైకి అంటారు, కొందరు చూపుతో అడుగుతారు, రాత్రిళ్లు మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుంటారు. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి యేసు ఎత్తాడు. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే జవాబిచ్చాడు.

4. ఆరాధనకు తిరిగి వెళ్లే మొదటి ఆదివారాన్ని ముందే సిద్ధం చేసుకోండి

అన్నిటికన్నా కష్టమైన అడుగు ఇదే. మందిరంలో ఆ మనిషి ఎప్పుడూ కూర్చునే చోటు కనిపిస్తుంది. పాటల పుస్తకం తెరిస్తే, వారికి ఇష్టమైన పాట పక్కన పెన్సిలుతో పెట్టుకున్న గుర్తు కనిపిస్తుంది. సరిగ్గా ఆ పాటే ఎవరో ఎత్తుకుంటారు.

కాబట్టి కొన్ని ఏర్పాట్లు చేసుకోండి. వెంట ఎవరు రావాలో ముందే ఒకరికి చెప్పండి. పక్కన కూర్చుని, అవసరమైతే మీతో పాటు లేచి బయటికి వచ్చేవారై ఉండాలి. వరుసలో చివర, తలుపుకు దగ్గరగా కూర్చోండి. పలకరింపులు తట్టుకోలేరనిపిస్తే మొదటి పాట మొదలయ్యాక లోపలికి వెళ్లండి, చివరి ఆశీర్వాదం కాగానే వచ్చేయండి. సాక్ష్యం చెప్పమని ముందుకు పిలవవద్దని పాస్టరుగారికి ఫోను చేసి చెప్పండి. ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగండి. మంచి కాపరి నొచ్చుకోడు.

లోపలికి వెళ్లాక గొంతు పెగలకపోతే పాడకండి. మార్కు సువార్త 2వ అధ్యాయంలో నలుగురు ఒక పక్షవాత రోగిని మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉంటే ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా లోపలికి దింపుతారు. అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" ఆ రోగితో మాట్లాడాడని ఉంది. పడుకున్నవాడు ఏం నమ్మాడో మార్కు రాయలేదు, మోసినవాళ్లను గురించే రాశాడు. మీకు కొంతకాలం ఆ పరుపు మీది వంతు వచ్చింది. చుట్టూ ఉన్నవారు పునరుత్థానం గురించి పాడుతుంటే, విశ్వాస ప్రమాణం పలుకుతుంటే, అవి మీ తరఫున కూడా జరుగుతున్నాయని అనుకుని కూర్చోండి. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గర కూడా అంతే: చేయి చాచి అందుకుంటే చాలు, మాట్లాడాల్సిన పని లేదు.

ఆ రోజు ఏ ఆదరణా అనిపించకపోవచ్చు. తర్వాతి వారం మళ్లీ వెళ్లండి. వెళ్లలేని వారం ఎవరినైనా ఇంటికి వచ్చి ఒక కీర్తన చదివి వెళ్లమనండి.

5. ఏం కావాలో పేరు పెట్టి అడగండి

"ఏమైనా కావాలంటే చెప్పండి" అని అందరూ అంటారు. ఆ స్థితిలో ఏం కావాలో ఆలోచించే శక్తి ఉండదు. దగ్గరివారిలో ఒకరికి ఆ బాధ్యత అప్పగించి, రాయించండి: పిల్లల్ని బడికి దింపడం, బ్యాంకు పనికి తోడు రావడం, పెన్షను కాగితాలు చూసిపెట్టడం, శనివారం సాయంత్రం ఇంట్లో ఒక గంట కూర్చోవడం. ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు.

శరీరాన్ని చిన్నచూపు చూడకండి. ఏలీయా ప్రవక్త ఇక చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. లేచి తినమంది. అతను తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినమంది. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత చాలా రోజులకు.

6. పక్కన ఉన్న సంఘస్థులు చేయవలసినవి

ఈ భాగాన్ని మీరు చదివి, మీ సంఘంలో ఒకరి చేత చదివించండి.

పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చెడింది. చివర్లో దేవుడు కోపగించింది కూడా ఫిర్యాదు చేసిన యోబు మీద కాదు, కారణాలు చెప్పిన వీళ్ల మీద. కాబట్టి "దేవునికి ఆమె అవసరమైంది", "నీకింకా ఇద్దరు పిల్లలున్నారు కదా", "ఇక లేచి సేవలో పడు" లాంటివి వద్దు. "నాకు మాటలు రావడం లేదు, మీ దగ్గర కూర్చుంటాను" అంటే చాలు.

చనిపోయినవారి పేరు పలకడానికి భయపడకండి. యొప్పే పట్టణంలో దొర్కా అనే విశ్వాసురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు అపొస్తలుడైన పేతురు చుట్టూ చేరి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపిస్తూ ఏడ్చారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చెబుతోంది. మీరూ అలాగే చెప్పండి: ఆయన నేర్పిన పాట, ఆమె మీ బిడ్డకు చదివిన ప్రార్థన, ఆయన కోపం, ఆయన హాస్యం. పోయిన మనిషిని ఇంకొకరు గుర్తుపెట్టుకున్నారని తెలియడం వాళ్లకు పెద్ద బలం.

భూస్థాపన తర్వాత కుటుంబం కోసం జరిపే ఆదరణ కూడిక అయ్యాకే ఇల్లు నిజంగా ఖాళీ అవుతుంది. మూడో నెల, పుట్టినరోజు, పెళ్లిరోజు, మొదటి క్రిస్మస్, చనిపోయిన తేదీ... ఇవన్నీ క్యాలెండరులో రాసిపెట్టుకుని ఆ రోజు ఫోను చేయండి.

మందిరంలో ప్రకటించని నష్టాలు కూడా ఉన్నాయి. గర్భస్రావమైన దంపతుల కోసం ఆదరణ కూడిక జరగదు. ఆత్మహత్యతో పోయినవారి ఇంటికి వెళ్లడానికి చాలామంది వెనకాడతారు, ఆ కుటుంబం మెల్లగా వెనక వరుసకు, ఆపై గుమ్మం బయటికి జరిగిపోతుంది. అలాంటి ఇంటికి సంఘ పెద్దలే ముందు వెళ్లాలి. తీర్పు చెప్పే పని దేవునిది. "ఏడ్చువారితో ఏడువుడి" అన్న ఆజ్ఞ మనకిచ్చాడు.

7. ప్రార్థనతో పాటు వైద్య సహాయం ఎప్పుడు తీసుకోవాలి?

దుఃఖం జబ్బు కాదు. కానీ కొందరిలో అది నెలలు గడిచినా తీవ్రత తగ్గకుండా, రోజువారీ పనులు కూడా చేసుకోనివ్వకుండా ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ ముద్రణ 2022 నుంచి అమల్లో ఉంది. ఆరు నెలలు దాటినా తగ్గని అలాంటి తీవ్ర దుఃఖాన్ని అది చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించింది. నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, మద్యం వైపు మళ్లినా ఆ గడువు కోసం చూడకుండా డాక్టరును గానీ కౌన్సెలరును గానీ కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటే ఒకరికి చెప్పండి. ఆ మాట విన్నవారు ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అత్యవసర సహాయం తీసుకురావాలి.

కౌన్సెలింగుకు వెళ్లడం విశ్వాసలోపమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. వెళ్లే రోజున సంఘం నుంచి ఒకరిని తోడు తీసుకెళ్లండి. లోపలికి రానక్కర్లేదు, బయట కూర్చుని, పని అయ్యాక ఇంటి దాకా వస్తే సరిపోతుంది.